కేరోని ఖాళీ చేసింది నది కాదు

"అమెరికాలో చిన్న ఊళ్లు ఎందుకు ఖాళీ అయిపోతున్నాయి? వరదలు, రైళ్లు ఆగిపోవడమేనా కారణం?" అని అడిగారు. నేను దగ్గరగా చూసింది ఒక్క ఊరినే, కానీ వచ్చాక దాని గురించి దొరికిందల్లా చదివాను. కాబట్టి ఆ ఊరి సంగతే చెప్తాను.

ఇల్లినాయి రాష్ట్రానికి దక్షిణాన చిట్టచివర, ఒహాయో నది వచ్చి మిసిసిపీలో కలిసే చోట కేరో అనే ఊరుంది. స్పెల్లింగ్ ఈజిప్టు రాజధానిదే, పలకడం మాత్రం కేరో. 1920 జనాభా లెక్కల్లో 15,203 మంది. 1960లో 9,348. 1970కి 6,277. 2020లో 1,733. ఆ ఊరున్న అలెగ్జాండర్ కౌంటీలో 2010 నుంచి 2020 లోపు 36 శాతం పైగా జనం తగ్గారు, శాతం లెక్కన ఆ పదేళ్లలో అమెరికాలో అంత తగ్గిన కౌంటీ ఇంకోటి లేదు.

2018 నవంబరులో సెయింట్ లూయిస్ నుంచి మెంఫిస్‌లో ఫ్రెండ్ ఇంటికి కారులో వెళ్తున్నాం. దగ్గరి దారి అది కాదు, కానీ రెండు నదులు కలిసే చోటు చూద్దామని నేనే పట్టుబట్టాను. మాది కర్నూలు. తుంగభద్రలో హంద్రీ కలిసే ఊళ్లో పుట్టినవాడిని, సంగమం అంటే ఆగకుండా పోలేను. ఊరికి దక్షిణంగా ఫోర్ట్ డిఫయెన్స్ అని ఒక పార్కు ఉంది, 1861లో అమెరికా అంతర్యుద్ధం అప్పుడు, తర్వాత దేశాధ్యక్షుడైన యూలిసెస్ గ్రాంట్ ఈ ఊళ్లోనే మకాం పెట్టి సైన్యాన్ని నడిపాడు. ఆ కొస మీద నిలబడితే ఎడమ నుంచి ఒహాయో పచ్చగా, కుడి నుంచి మిసిసిపీ టీ రంగులో వస్తాయి. రెండూ కలవకుండా చాలా దూరం పక్కపక్కనే పోతాయి, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. నిజానికి అక్కడ ఎక్కువ నీళ్లు తెచ్చేది ఒహాయోనే, పేరు మాత్రం మిసిసిపీకి దక్కింది.

మా పాపకి పాలు కావాలని ఊళ్లోకి వెళ్లాం. కమర్షియల్ అవెన్యూ అని ఒకప్పటి బజారు వీధి. అటూ ఇటూ ఇటుక మేడలు, కొన్నిటికి పైకప్పు లేదు, కిటికీలోంచి చూస్తే లోపల మొలిచిన చెట్టూ, దాని మీద ఆకాశమూ కనిపిస్తున్నాయి. సరుకుల కొట్టు ఎక్కడుందని రోడ్డు పక్కన నడుస్తున్న ఒక నల్లజాతి పెద్దాయనని అడిగితే, "ఊళ్లో లేదు బాబూ, మూసేసి చాలా ఏళ్లయింది, నది దాటి వెళ్లాలి" అన్నాడు. పాలు ఎక్కడ దొరుకుతాయో ఆయనే చెప్పాడు. పాలు తీసుకుని వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు. నేను ఊరికే పలకరింపుగా "వరదల వల్లే ఊరు పోయిందా?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నీళ్లా? నీళ్లని మేం లోపలికి రానివ్వం. ఉత్తరం వైపు రోడ్డు మీద ఇనుప గేటు చూశావా?"

చూశాం. రైలు పట్టాల కింద రోడ్డు వెళ్లే చోట పైన వేలాడుతూ ఉంటుంది, దించితే రోడ్డంతా మూసేసేంత గేటు. ఊరి చుట్టూ కరకట్టలు, గోడలు. 1937లో అంత పెద్ద వరద వచ్చినా ఊరు మునగలేదు. 2011లో మళ్లీ వచ్చినప్పుడు, మే 2 రాత్రి, ఆర్మీ ఇంజినీర్లు అవతల మిస్సోరి రాష్ట్రం వైపు ఒడ్డున బర్డ్స్ పాయింట్ దగ్గర కరకట్టని పేల్చి తెంచేశారు. సుమారు 1,30,000 ఎకరాల పొలాల మీదికి నీళ్లు వదిలి ఈ ఊరిని కాపాడారు. పిన్‌హుక్ అనే నల్లజాతి రైతుల చిన్న పల్లె ఆ నీళ్లలో పోయింది. బయట దాన్ని తలుచుకునేవాళ్లు తక్కువ, అది నాకు ఇప్పటికీ బాధే.

పెద్దాయన తర్వాత చెప్పింది ఈతకొలను సంగతి. తన చిన్నప్పుడు ఊళ్లో ఈతకొలను ఉండేదట, తెల్లవాళ్లకే. ఎండాకాలం కంచె తీగల్లోంచి తొంగిచూసేవాణ్ణని రెండు చేతుల వేళ్లూ గాల్లో తీగని పట్టుకున్నట్టు పెట్టి చూపించాడు. డెబ్బై దగ్గర పడ్డ మనిషి, ఆ ఒక్క నిమిషం పదేళ్ల పిల్లాడిలా కనిపించాడు. "మాకు ఈత నేర్పింది ఆ నదే. అందరూ తిరిగి రాలేదు" అన్నాడు. 1962లో ఆ కొలను ముందు మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసినవాళ్లలో జాన్ లూయిస్ ఉన్నాడు, తర్వాత అమెరికా కాంగ్రెస్ సభ్యుడైన ఆయనే. నల్లపిల్లల్ని రానివ్వాల్సి వస్తుందనేసరికి కొలను మూసేశారు, చివరికి కాంక్రీటు పోసి పూడ్చేశారు. తమ పిల్లలకీ ఈత లేకుండా చేసుకున్నారు!

ఇదే కథ బజారులోనూ జరిగింది. 1967లో రాబర్ట్ హంట్ అనే 19 ఏళ్ల నల్లజాతి సైనికుడు సెలవు మీద ఊరికొచ్చి జైల్లో ఉరికి వేలాడుతూ కనిపించాడు. పోలీసులు ఆత్మహత్య అన్నారు, ఊళ్లో నల్లవాళ్లు నమ్మలేదు, గొడవలు లేచి నేషనల్ గార్డ్ అనే సైనిక దళం దిగింది. 1969 నుంచి యునైటెడ్ ఫ్రంట్ అనే సంఘం పెట్టుకుని, మాకు సరుకులు అమ్ముతారు కదా, మాకూ ఉద్యోగాలివ్వండి అని కొట్లని బహిష్కరించారు. ఏళ్ల తరబడి సాగింది. చాలామంది వ్యాపారులు ఒక నల్లమనిషిని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టే బదులు షట్టరు దించేశారు.

రైళ్ల సంగతి అబద్ధమని నేననడం లేదు. 1889లో ఒహాయో మీద రైలు వంతెన కట్టాక పడవల మీద రైలుపెట్టెలు దాటించే పని పోయింది, 1978లో మిసిసిపీ మీద ఐ-57 హైవే వంతెన వచ్చాక కార్లు ఊళ్లోకి రావడం తగ్గింది. అయినా 1920 లెక్కలో పదిహేను వేలు దాటిన జనం, రైలు వంతెన వచ్చిన ముప్ఫై ఏళ్ల తర్వాత వాళ్లే కదా. పైన రాసిన లెక్కలు మళ్లీ చూడండి, 1960కీ 1970కీ మధ్య మూడు వేల మంది. ఆ పదేళ్లలో ఊళ్లో ఏం జరిగిందో ఇప్పుడే చెప్పాను.

వరద వల్ల ఊరు ఖాళీ కాదని నేనింత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 2009 అక్టోబరు 2న కర్నూలు మునిగింది. మా ఇంట్లో అటక దాకా నీళ్లు. దిగాక మోకాలు లోతు బురద, అమ్మ పెళ్లి చీరలు, నాన్న సర్టిఫికెట్లు అన్నీ ముద్ద. ఇప్పటికీ మా వంటింటి గోడ మీద ఆ గీత ఉంది, రంగు వేయొద్దని అమ్మ ఆపింది. కానీ మా వీధిలో ఒక్క కుటుంబం కూడా ఊరు వదల్లేదు. కిరాణా కొట్టు శెట్టి గారు పదిరోజులకి కొట్టు తెరిచి, డబ్బులు తర్వాత ఇవ్వండని అందరికీ బియ్యం ఇచ్చారు. ఆ గోడ ఫోటో నా ఫోన్లో ఉంటే పెద్దాయనకి చూపించాను. వేళ్లతో పెద్దది చేసి ఆ గీతని చాలాసేపు చూశాడు. "ఎంతమంది వెళ్లిపోయారు?" అన్నాడు. ఎవరూ వెళ్లలేదన్నాను. "కొట్లు తెరిచారా?" అని అడిగాడు. తెరిచారన్నాను. ఫోను నా చేతికిచ్చి, "మంచి ఊరు" అన్నాడు.

ఒక్కటి మాత్రం చెప్పి తీరాలి. యూట్యూబులో కేరో అని కొడితే అన్నీ "దెయ్యాల ఊరు" వీడియోలే. కారు అద్దం దించకుండా కూలిన మేడలు తీసి, భయపెట్టే మ్యూజిక్ పెట్టి వదులుతారు. అక్కడ మనుషులున్నారండీ, ఇళ్ల ముందు పూలకుండీలున్నాయి, 1884లో కట్టిన లైబ్రరీ ఎంత అందంగా ఉంటుందో! 2017లో అక్కడి పాత ప్రభుత్వ ఇళ్లు ఉండడానికి పనికిరావని సుమారు 400 మందిని ఖాళీ చేయించారు, సగానికి దగ్గర పిల్లలే. 2020 లెక్కలో తగ్గినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. వాళ్లేం విసుగెత్తి వెళ్లలేదు, ఉండడానికి ఇల్లు లేక వెళ్లారు. డల్లాస్, న్యూజెర్సీ తప్ప చూడని మనవాళ్లు "ఆ ఊళ్లల్లో ఏముంది, అందుకే పోతారు" అని తేల్చేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

2023లో ఊరివాళ్లు సహకార పద్ధతిలో సొంతంగా సరుకుల కొట్టు పెట్టుకున్నారని వార్తల్లో చూసి మా ఆవిడకి చూపించాను. మీరు ఎప్పుడైనా ఐ-57 మీద అటు వెళ్తే ఊళ్లోకి దిగండి. పాత కస్టమ్స్ హౌస్ మ్యూజియం, మాగ్నోలియా మేనర్ బంగళా చూడండి, సంగమం దగ్గర కాసేపు కూర్చోండి. పాలో బ్రెడ్డో ఏదైనా ఊళ్లోనే కొనండి.