మూఢం వస్తే మా ఇంట్లో పండుగ

"సొంతంగా వ్యాపారం పెట్టి పైకి వచ్చినవాళ్లు ఇంటిని పట్టించుకోలేరంటారు, నిజమేనా? మీ ఎరుకలో అలా కానివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. నిజం కాదు. ఉన్నారు. మా బాపు.

మాది వరంగల్ కొత్తవాడ. బాపు నలభై ఏళ్లకు దగ్గరగా టెంట్ హౌస్ నడిపాడు. తాత ఆజంజాహి మిల్లులో కార్మికుడు. ఏడో నిజాం తన కొడుకు ఆజం జా పేరు మీద 1934లో పెట్టించిన మిల్లు అది. మా చుట్టుపక్కల ఎన్నో ఇళ్లు ఆ సైరన్ మోతకే లేచేవి, ఆ మోతకే తినేవి. బాపును కూడా అందులోనే పెట్టించాలని తాత పట్టుదల. బాపు వినలేదు. పదో తరగతి తప్పాక ఒక షామియానా యజమాని దగ్గర గుంజలు పాతే పనికి కుదిరాడు. ఆరేళ్ల తరువాత మా వాడలో ఒక నేత పెద్దాయన మూడు జంపఖానాలు (నేల మీద పరిచే నూలు తివాచీలు) అప్పుగా ఇస్తే, యాభై పాత ఇనుప కుర్చీలు కొని, అద్దె రిక్షాలో వేసుకుని సొంతంగా మొదలుపెట్టాడు. 1990ల మొదట్లో మిల్లు మూతపడినప్పుడు ఇద్దరు కార్మికుల కొడుకులు మా దుకాణంలో చేరారు. చివరిదాకా ఉన్నారు.

తరువాత ఎదిగిన కథ అందరి కథలాంటిదే. వెయ్యి కుర్చీలు, రెండు డీసీఎం వ్యాన్లు, పరకాల నుంచి నర్సంపేట దాకా మంచి పేరు. డేగిసాల (పెద్ద వంట గిన్నెల) అంచు మీద, గరిటెల కాడ మీద కూడా మా ఇంటి అక్షరాలు కొట్టించేవాడు. సామాను తిరిగొచ్చినప్పుడు ఒక్క గరిటె తగ్గినా రాత్రికి రాత్రే తెలిసిపోయేది. నేను చెప్పాలనుకున్నది ఆ లెక్కల గురించి కాదు, పంచాంగం గురించి.

ఉగాది నాడు అందరూ రాశిఫలాలు, ఆదాయ వ్యయాలు వింటారు. బాపు కొత్త పంచాంగం తెచ్చి, రెండు రంగుల పెన్సిళ్లు పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. పెళ్లి ముహూర్తాలకు ఎరుపు. ఆషాఢానికి, గురు మూఢానికి, శుక్ర మూఢానికి నీలం. మా వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ మూఢం అంటే గుండెదడ, ఎందుకంటే పెళ్లిళ్లు ఉండవు. మా ఇంట్లో మాత్రం మూఢం వస్తే పండుగ. నీలం గీత ఉన్న రోజులన్నీ మావి. వేములవాడ ప్రయాణం, కరీంనగర్‌లో పెద్దమ్మ ఇల్లు, ఇంటికి సున్నం, మా బడిలో సార్లను కలవడం, అన్నీ ఆ గీతల కిందే సన్నటి అక్షరాలతో రాసి ఉండేవి. ఆషాఢంలో చెల్లెలికి జడ కూడా ఆయనే వేసేవాడు. షామియానా తాడు పేనినట్టు మూడు పాయలు బిగించి వేస్తే సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక చెదిరేది కాదు. చెల్లెలు తల నొప్పి పుడుతోందని గోల పెట్టేది, మళ్లీ మరునాడు ఆయన ముందే కూర్చునేది.

పిల్లల అవసరాలు పంచాంగం చూసుకుని రావు కదా అంటారేమో. రావు. అందుకే ఆ రాళ్లవాన సంగతి చెప్పాలి.

చెల్లెలి పదో తరగతి పరీక్షలు మొదలయ్యే ముందు రోజు. ఫాల్గుణం, ఎర్ర గీత. పరకాల అవతల ఒక పల్లెలో పెద్ద పెళ్లి. రాత్రి పదకొండు దాటాక గాలి లేచి, రాళ్లవాన పడింది. షామియానా చిరిగి గుంజలు ఒరిగిపోయాయి. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగలలేదు. పెళ్లివారంతా బడి వరండాలోకి చేరారు. ఇరవై రెండు జంపఖానాలు మాత్రం నీళ్లలో మునిగాయి. వ్యాను పొలంలో దిగబడింది. మా ఇంట్లో అప్పటికి ఫోను లేదు. అమ్మ తెల్లవార్లూ గడప దగ్గరే కూర్చుంది.

ఆరున్నరకు బాపు మొదటి బస్సు పట్టుకుని వచ్చాడు. మోకాళ్ల దాకా బురద, ఒంటి మీదే ఆరిన చొక్కా, నుదుటి మీద వడగల్లు తగిలిన చోట నిమ్మకాయంత బొప్పి. చెల్లెలిని నాతో పరీక్షకు పంపిద్దాం, మీరు పడుకోండి అంది అమ్మ. "నేనే తీసుకెళ్తానని చెప్పాను కదా" అని స్నానానికి వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, హాల్ టికెట్టు రెండుసార్లు చూసి, రెండు పెన్నులు కాగితం మీద గీసి చూసి, స్కూటర్ మీద హనుమకొండ తీసుకెళ్లాడు. తడిసిన సామాను చూడడానికి నన్ను పరకాల బస్సు ఎక్కించారు.

తడిసిన నూలు జంపఖానాను ఎత్తి చూసినవాళ్లకే తెలుస్తుంది అది ఎంత బరువో. నలుగురు మనుషులు కావాలి. అదీ ఆ పూటే విప్పి ఎండలో పరచాలి. చుట్ట చుట్టినది చుట్టినట్టే ఉంటే లోపల ఉడికి, బూజు పట్టి, నల్ల మచ్చలు పడతాయి. ఆ మచ్చలు ఏ సోడాకూ పోవు. అక్కడ మేం ముగ్గురం ఉన్నాం. చేతులు బొబ్బలెక్కేదాకా లాగాం. బాపు వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. పరీక్ష అయ్యేదాకా గేటు దగ్గరే నిలబడి, చెల్లెలిని ఇంట్లో దించి, అప్పుడు వచ్చాడు. ఎనిమిది జంపఖానాలు పాడయ్యాయి. ఆ రాత్రి నేను ఉండబట్టలేక, ఆమెను దింపి అటే వచ్చి ఉంటే అవి దక్కేవి కదా అని అడిగాను. "మొదటి పరీక్ష కదరా" అన్నాడు. అంతే. ఆ ఎనిమిదింటి అప్పు తీరడానికి ఏడాదిన్నర పట్టింది.

అందుకే "నేను ఇంటికి రాకపోయినా చేసేదంతా మీకోసమే" అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. నేను చూసిన వ్యాపారుల్లో పదిమందికి తొమ్మిది మంది ఇంటికి ఆలస్యంగా రావడానికి కారణం పని కాదు. దుకాణంలో దొరికే మర్యాద ఇంట్లో దొరకదు. అక్కడ పదిమంది లేచి నిలబడతారు, ఇక్కడ బిడ్డ లెక్క తప్పు చేసి ఏడుస్తూ ఉంటుంది. బాపుకు ఆ ఏడుపు దగ్గర కూర్చోవడం ఇష్టం. తేడా అక్కడే ఉంది.

పని మానలేనప్పుడు మమ్మల్నే పనిలోకి తీసుకెళ్లేవాడు. రెండేళ్లకొకసారి మేడారం జాతరకు గుడారాలు అద్దెకు వేయడానికి వెళ్తే, ఇల్లంతా వ్యాను మీదే. జంపన్న వాగులో స్నానం, చెల్లెలి బరువుకు సరితూగే బెల్లం అమ్మవార్లకు బంగారం (అక్కడ బెల్లాన్ని అలాగే అంటారు), రాత్రి గుడారంలో అందరం ఒకే జంపఖానా మీద. గిరాకీ ఎక్కువై ఆ గుడారం కూడా అడిగినవాళ్లున్నారు. ఇవ్వలేదు.

జంపఖానా అంటే గుర్తొచ్చింది. వరంగల్ నేత జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బాపు ఆ వార్త ఉన్న పేపరు ముక్కను గల్లాపెట్టెలో దాచుకున్నాడు. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లలో చూడండి, అంతా ప్లాస్టిక్ తివాచీలే. బయటి సామాను లోపలికి రానివ్వరు. నూలు జంపఖానా మీద వరుసగా కూర్చుని బంతిలో తిన్న తరానికి ఆ చల్లదనం తెలుసు. పెళ్లికి లక్షలు పోస్తారు, కొత్తవాడ మగ్గం మీద నేసినది ఒక్కటి పరచడానికి మనసు రాదు. ఇది నాకు నిజంగా బాధ.

2020 వేసవిలో లాక్‌డౌన్ వచ్చి ముహూర్తాలన్నీ పోయాయి. పనివాళ్లకు సగం జీతం ఇస్తూనే, మనవరాలికి ఎక్కాలు నేర్పాడు. "ఇది పెద్ద మూఢం" అనేవాడు.

ఆ తరువాత ఒక కార్తీకంలో, సామాను ఎక్కించి పంపి వచ్చి పడుకున్న మనిషి లేవలేదు. దినాలు అయ్యాక దుకాణం తెరిస్తే, మేకుకు ఆ ఏడాది పంచాంగం వేలాడుతోంది. ముందున్న మూఢం రోజుల కింద నీలం గీత, దాని కింద పెన్సిలుతో "కంటి ఆపరేషన్". అమ్మకు శుక్లాలు వచ్చి ఏడాదవుతోంది. అమ్మ వాయిదా వేస్తూ వచ్చింది. ఆయన మాత్రం తేదీ పెట్టేశాడు. మేం ఆ తేదీ మార్చలేదు. చెల్లెలు సెలవు పెట్టి వచ్చింది. ఆపరేషన్ గది బయట బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం, అమ్మ బయటికి వచ్చేదాకా.