రేటింగ్ రెండే ఉన్న చిన్న బడికి మా అబ్బాయిని పంపమంటున్నారు

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో ఉంటాం. అబ్బాయికి 16 ఏళ్లు, 11వ తరగతి. నిరుడు ఆరోగ్యం బాగోక బడికి సరిగ్గా వెళ్లలేదు. నాలుగు సబ్జెక్టుల్లో ఎఫ్ వచ్చింది, డిప్లొమాకి కావలసిన క్రెడిట్లు బాగా వెనకబడ్డాయి. స్కూల్ కౌన్సెలర్ కంటిన్యుయేషన్ హైస్కూల్‌కి, అంటే ఇలా క్రెడిట్లు వెనకబడ్డ పిల్లల కోసం నడిపే చిన్న బడికి, మారమంటున్నారు. నెట్‌లో చూస్తే దాని రేటింగ్ పదికి రెండు. లెక్కల్లో గట్టెక్కినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కువమంది పేద కుటుంబాల పిల్లలు, మనవాళ్లు దాదాపు లేరు. అక్కడికి పంపితే వాడి చదువు అక్కడితో ఆగిపోతుందేమోనని మా ఇద్దరికీ ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ రేటింగ్ ఎలా వస్తుందో చూద్దాం. మీ భయంలో సగం అక్కడి నుంచే వచ్చింది.

కాలిఫోర్నియాలో హైస్కూల్ పిల్లలకు ఇంగ్లిష్, లెక్కల రాష్ట్ర పరీక్ష 11వ తరగతిలో ఒక్కసారే ఉంటుంది. కంటిన్యుయేషన్ బడికి పిల్లలు 16 ఏళ్లు నిండాకే వస్తారు, అదీ చాలామంది ఏడాది మధ్యలో, క్రెడిట్లు పోగొట్టుకుని. అలా చేరిన కొద్ది నెలలకే పరీక్ష రాస్తారు. అంటే ఆ మార్కుల్లో, వాటిని చూసి ఇచ్చే రేటింగ్‌లో కనిపించేది చాలావరకు పాత బడుల్లో వాళ్లకు మిగిలిపోయిన లోటే. ఈ బడి వాళ్లకు ఏం నేర్పిందో ఆ అంకె చెప్పలేదు. మన దగ్గర ఇంటర్ ఫలితాల రోజు పేపర్లలో వచ్చే ర్యాంకుల ప్రకటనలు మీకు గుర్తుండే ఉంటాయి. బాగా చదివే పిల్లల్ని ముందే ఏరి ఒక సెక్షన్‌లో పెట్టి, ఆ ర్యాంకులు తమ ఘనతేనని చెప్పుకుంటారు. ఇక్కడ సరిగ్గా దానికి తిరగేసి జరుగుతుంది: వెనకబడ్డవాళ్లే చేరతారు, ఆ వెనకబాటు బడి ఖాతాలో పడుతుంది.

పైగా బడి చిన్నది. 30 మంది పరీక్ష రాస్తే ఒక్క పిల్లాడి ఫలితం మారినా శాతం మూడుకు పైగా కదులుతుంది. అందుకే బడుల పనితీరు చూపించడానికి రాష్ట్రం నడిపే స్కూల్ డ్యాష్‌బోర్డ్ అనే వెబ్‌సైట్‌లో మామూలుగా 30 మంది కన్నా తక్కువ ఉన్న గుంపుకి పనితీరు చెప్పే రంగు ఇవ్వరు, 11 మంది కన్నా తక్కువైతే అంకెలే చూపించరు. అక్కడ మీకు గడులు ఖాళీగా కనిపిస్తే కారణం ఇదే. ఇలాంటి బడులకు డ్యాష్‌బోర్డ్‌లో ఆల్టర్నేటివ్ స్కూల్ అనే ప్రత్యేక హోదా కూడా ఉంది. కాబట్టి వాటిని మామూలు హైస్కూల్ పక్కన పెట్టి పోల్చకండి. అలాంటి మరో బడితోనే పోల్చండి.

గ్రాడ్యుయేషన్ రేటుతోనూ ఇదే చిక్కు. మూడేళ్లు వేరేచోట చదివి, చివరి ఏడాది ఇక్కడికి వచ్చి మానేసిన పిల్లాడు కూడా చివరి బడి లెక్కలోకే వస్తాడు.

ఇక పేద పిల్లలు, మనవాళ్లు లేకపోవడం గురించి. ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతాను. పేద పిల్లల శాతం చూసి అది చెడ్డ బడి అనుకోవద్దు. తల్లిదండ్రులిద్దరూ హైస్కూల్ పూర్తిచేయని పిల్లలు, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు ఆ లెక్కలోకి వస్తారు. బడి అయ్యాక పనికి వెళ్లేవాళ్లు, ఇంట్లో తమ్ముళ్లను చూసుకునేవాళ్లు వాళ్లలో ఉంటారు. మీ అబ్బాయి అనారోగ్యంతో వెనకబడ్డట్టే వాళ్లూ ఏదో కష్టంతో వెనకబడ్డారు. వాళ్ల పక్కన కూర్చుంటే మీవాడికి వచ్చే నష్టమేమీ లేదు.

అయితే ఇలాంటి బడులన్నీ మంచివని నేననను. కొన్నిచోట్ల వర్క్‌షీట్లు నింపిస్తూ పొద్దుపుచ్చుతారు. అందుకే ఒకరోజు వెళ్లి క్లాసులో కాసేపు కూర్చుంటామని అడగండి. టీచర్ పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తున్నారా, లెక్కల్లో ఎక్కడ ఆగిపోయారో వాళ్లకు తెలుసా అన్నది పది నిమిషాల్లో అర్థమవుతుంది. ప్రిన్సిపాల్‌ని ఇవి అడగండి: నిరుడు ఇలాగే వెనకబడి చేరినవాళ్లు ఒక టర్మ్‌లో సగటున ఎన్ని క్రెడిట్లు సంపాదించారు? 12వ తరగతిలో ఉన్నవాళ్లలో ఎంతమంది డిప్లొమా తీసుకున్నారు, తర్వాత ఎక్కడ చేరారు? రోజూ బడికి వచ్చేవాళ్లు ఎంతమంది? ఈ జవాబులు రేటింగ్ కన్నా వందరెట్లు విలువైనవి.

క్రెడిట్ల గురించి ఎందుకు అడగమన్నానంటే, మామూలు బడిలో సెమిస్టర్ చివర్లో ఫెయిలైతే ఆ సబ్జెక్ట్ ఐదు క్రెడిట్లూ పోతాయి. కంటిన్యుయేషన్ బడుల్లో చాలావాటిలో చేసిన పనికి తగ్గట్టు ఒక్కో క్రెడిట్ చొప్పున ఇస్తారు. చట్టప్రకారం వారానికి కనీసం 15 గంటలు హాజరైతే చాలు. కోలుకుంటున్న పిల్లాడికి ఈ వెసులుబాటు చిన్నదేమీ కాదు.

మీరు కోల్పోయేది కూడా చెప్పాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ)లో చేరాలంటే హైస్కూల్లో చదివి ఉండాల్సిన ఏ-జీ అనే కోర్సులన్నీ ఈ బడుల్లో చాలావాటిలో ఉండవు, పైగా ఆ కోర్సుల్లో సీ లేదా అంతకన్నా మంచి గ్రేడ్ రావాలి. నేరుగా యూసీలో చేరే దారి దాదాపు మూసుకుపోతుంది. కానీ నాలుగు ఎఫ్‌లతో అది ఇప్పటికే ఇరుకైపోయింది కదా. తెరిచి ఉన్న దారి కమ్యూనిటీ కాలేజీ. హైస్కూల్ డిప్లొమా ఉంటే చాలు, చేర్చుకుంటారు. అక్కడ 60 సెమిస్టర్ యూనిట్లు, కావలసిన గ్రేడ్లు తెచ్చుకుంటే డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ యూసీ క్యాంపస్‌లలో ఒకదానికి ట్రాన్స్‌ఫర్ గ్యారంటీ ఒప్పందం కుదుర్చుకోవచ్చు. కొన్ని మేజర్లకు ఇది వర్తించదు, ముఖ్యంగా కంప్యూటర్ సైన్స్ అనుకుంటుంటే క్యాంపస్ వారీగా ముందే చూసుకోండి. మీరు హెచ్1బీ మీద, అబ్బాయి హెచ్4 మీద ఉంటే ఫెడరల్ సాయం రాదు. ఫీజుల లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి.

నా సలహా, బడి చూసి నచ్చితే మారండి. మీ ఇష్టంతో మారితే వచ్చే విద్యా సంవత్సరం మొదట్లో పాత బడికి తిరిగి వెళ్లే హక్కు ఉంటుంది. సంతకం పెట్టే ముందు కౌన్సెలర్ దగ్గర ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకుని, డిప్లొమాకి ఇంకా ఎన్ని క్రెడిట్లు కావాలో, ఏ సబ్జెక్టుల్లోనో రాసిమ్మనండి. ఆ మీటింగ్‌కి అబ్బాయిని కూడా తీసుకెళ్లండి. చదవాల్సింది వాడే, వాడి ఎదుటే మాట్లాడండి.