ఇంటర్‌లో 962, బీటెక్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి: తప్పు ఫోన్‌దేనా?

భువనగిరి నుంచి ఒక అమ్మ రాశారు. కొడుక్కి ఇంటర్‌లో వెయ్యికి 962 మార్కులు. ఇప్పుడు జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలోని కాలేజీలో బీటెక్ ఫస్టియర్. మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్, సి ప్రోగ్రామింగ్ పోయాయి. వాళ్ళ నాన్న ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టారట, అబ్బాయి సరిగా అన్నం కూడా తినడం లేదట. "వీడు చెడిపోయాడా సార్?" అని అడుగుతున్నారు.

లేదమ్మా, చెడిపోలేదు. ఆ మాట మీరు పంపిన మార్కులే చెప్తున్నాయి. మ్యాథ్స్‌లో ఇంటర్నల్స్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీయే పెట్టే మిడ్ పరీక్షల్లాంటివి) 40కి 29, యూనివర్సిటీ పరీక్షలో 60కి 13. సి లో 31, 15. అటెండెన్స్ 84 శాతం. క్లాసులు ఎగ్గొట్టి తిరిగే పిల్లాడికి ఈ ఇంటర్నల్స్ రావు. రెండింటిలోనూ మొత్తం వందకి 40 దాటింది, కానీ ఆ 60లో కనీసం 21 రావాలి కాబట్టి ఫెయిల్ అయ్యాడు. మిడ్‌కి సగం సిలబస్సే, ముందు రెండు రోజులు గట్టిగా కూర్చుంటే గట్టెక్కొచ్చు, ఐదు యూనిట్లూ ఒకేసారి రాయాలంటే మాత్రం అలా కుదరదు.

ఇంటర్‌లో ఏ రోజు ఏం చదవాలో కాలేజీయే చెప్పింది. పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లు, వారం వారం టెస్టు, ఎక్కడ తప్పు చేశాడో పట్టుకునే లెక్చరరు. ఇక్కడ అవేవీ లేవు. తన చదువు తానే సర్దుకోవడం వాడికి ఎవరూ నేర్పలేదు, నేర్పకుండానే ఒక్కసారిగా వదిలేశాం.

ఇంకోటి, బట్టీ. ఫస్టియర్ పిల్లలు నా దగ్గరకి వస్తే ముందు సి నోట్స్ తెరవమంటాను. మొన్న ఒక అమ్మాయి ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్, అంటే ఒకటి నుంచి ఇచ్చిన అంకె దాకా అన్నిటినీ లూప్‌తో వరసగా గుణించేది, సెమికోలన్లతో సహా చకచకా రాసేసింది. "ఇదే లూప్‌తో ఆ అంకెలన్నీ కూడి చూపించు తల్లీ" అన్నాను, పెన్ను ఆగిపోయింది. మారాల్సింది రెండే చోట్ల: మొదట ఒకటి బదులు సున్నా, గుణకారం బదులు కూడిక. ఆ పిల్ల కష్టపడలేదని ఎలా అంటాం? మీవాడి 15 మార్కులు చూస్తే నాకు ఆ పెన్నే గుర్తొచ్చింది.

2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు ఎలా చదివితే ఎక్కువకాలం గుర్తుంటుందో కాలేజీ విద్యార్థులతోనే పరీక్షించారు. పాఠం మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళే ముందున్నారు. కాబట్టి రోజూ ఒక లెక్క, ఒక ప్రోగ్రామ్ నోట్స్ మూసేసి రాయమనండి, తప్పులొచ్చినా పర్వాలేదు.

ఇక నిద్ర. పొద్దున ఆరున్నరకి కాలేజీ బస్సు, సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆరు దాటుతుంది, ఆపైన రాత్రి ఒంటిగంట దాకా కూర్చోబెడుతున్నామని రాశారు. దయచేసి అది ఆపండమ్మా. చదివింది మెదడులో బాగా కుదురుకోవాలంటే నిద్ర కావాలి. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా కూర్చోనివ్వండి, పదిన్నరకల్లా పడుకోనివ్వండి.

ఫోన్ ఇచ్చేయండి. క్లాసు వాట్సాప్ గ్రూపులోనే నోట్సు, అసైన్‌మెంట్ తేదీలు వస్తాయి, అది లాక్కుంటే వాడు ఇంకా వెనకబడతాడు. ఆ గంటన్నర మాత్రం ఫోన్ మీ దగ్గర ఉంచమని వాడితోనే ఒప్పందం చేసుకోండి.

సప్లీలో ఇంటర్నల్స్ అలాగే ఉంటాయి. అంటే పాస్ కావడానికి మ్యాథ్స్‌లో ఇంకో ఎనిమిది మార్కులు, సి లో ఆరు చాలు. మ్యాథ్స్‌లో మొదటి రెండు యూనిట్లు మ్యాట్రిసెస్ (మాత్రికలు) మీదే, ఇంటర్‌లో కొంత చేసిందే, అక్కడినుంచి మొదలుపెట్టమనండి. ఈ ఎనిమిది, ఆరు లెక్క ఒక కాగితం మీద వేసి ఇవాళే వాళ్ళ నాన్నగారికి చూపించండి.