పాపకి ‘హృద్య’ అని పెడితే అందరూ తప్పు పలుకుతున్నారు, మార్చాలా? – సమాధానం

చిక్కు పేరులో లేదు, ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఉంది. ‘హృ’లో ఉన్న ఋకారానికి ఇంగ్లిష్‌లో అక్షరమే లేదు. ఒకరు ఆర్ పక్కన ఐ రాస్తారు, ఇంకొకరు యు. పైగా ద, డ రెండింటికీ డి ఒక్కటే. మీవాళ్లు మెసేజ్‌లో చూసి ‘హ్రిడ్యా’ అన్నారంటే వాళ్ల తప్పేం లేదు.

మార్చేముందు ఇలా చూడండి:

1. అనుకున్న స్పెల్లింగ్ రాసి, ఆ పేరు ఎప్పుడూ విననివాళ్లతో పైకి చదివించండి. మీరు ముందుగా నోరు విప్పకూడదు.

2. చాలామంది వదిలేసేది ఇదే: తిరగేసి కూడా చూడాలి. వేరేవాళ్లకి ఫోన్‌లో పేరు ఒక్కసారి చెప్పి, ఇంగ్లిష్‌లో రాసి పంపమనండి. రేపు ఏ కౌంటర్ దగ్గరైనా పాప పేరు చెబుతుంది, అవతలివాళ్లు విని రాస్తారు. అసలు తప్పులు దొర్లేది అక్కడే. ఇంట్లోవాళ్లతో ఈ పరీక్ష దండగ, వాళ్లకి పేరు ముందే తెలుసు కదా! బయటివాళ్లు ఐదారుగురు చాలు.

3. తప్పు పలికినవాళ్లకి ఒక్కసారి సరిచెప్పండి. రెండోసారి సరిగ్గా అంటే టెన్షన్ వద్దు, పేరు ఉంచేయండి. చెప్పాక కూడా తడబడుతుంటే అప్పుడు మార్చడం గురించి ఆలోచించండి.

4. పలకడం బాగానే ఉండి, రాయడంలోనే తలా ఒక రకం వస్తే పేరు జోలికి పోకండి. ఎక్కువమంది రాసిన స్పెల్లింగే మీరూ తీసుకోండి. అందం కోసం అదనంగా ఎ, హెచ్ తగిలించవద్దు.

ఖాయం చేసిన స్పెల్లింగే జనన నమోదులోనూ, తర్వాత పాస్‌పోర్ట్‌లోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి.