పెరటి గదికి వేసిన కేబుల్‌లో నెట్ తెగిపోతుంటే లోపం ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్నలోని విషయం ఇది: ఇంట్లోని రౌటర్ నుంచి పెరటి గదికి నేలలో పైపు వేసి సుమారు 60 మీటర్ల ఈథర్‌నెట్ కేబుల్ (నెట్‌వర్క్ రాగి కేబుల్) లాగారు. మొదట్లో బాగా పనిచేసింది. ఇప్పుడు ఆ గదిలో వేగం 90 ఎంబీపీఎస్ దాటడం లేదు, వాన పడితే కనెక్షన్ పూర్తిగా తెగిపోతోంది. ఇంట్లో మాత్రం అంతా సవ్యంగా ఉంది. ఇంట్లో బాగుందంటే నెట్ ఇచ్చే సంస్థకు ఫోన్ చేసి ప్రయోజనం లేదు. లోపం రౌటర్ పోర్టు నుంచి ఆ గదిలోని పరికరం దాకా ఎక్కడో ఉంది. 60 మీటర్ల దూరం కూడా కారణం కాదు, ఈ రకం కేబుల్‌కు 100 మీటర్ల వరకు అనుమతి ఉంది.

మీరు చెప్పిన వాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది ఆ 90 అనే అంకె. కేబుల్‌లో నాలుగు జతల తీగలు ఉంటాయి. గిగాబిట్ వేగానికి, అంటే 1000 ఎంబీపీఎస్‌కు, నాలుగు జతలూ కావాలి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు, ప్లగ్గులో 1, 2, 3, 6 స్థానాల్లో ఉన్నవి. మిగతా రెండు జతల్లో, అంటే నీలం లేదా గోధుమ రంగు జతలో, ఒక్క తీగ సరిగా తగలకపోయినా చాలా పరికరాలు వెనక్కి తగ్గి 100 దగ్గర ఆగిపోతాయి. అందులో నికరంగా మనకు అందేది 90 పైచిలుకే. కాబట్టి ఇది నెట్ నెమ్మదించడం కాదు, తీగ తెగడమో చివర వదులు కావడమో అయి ఉంటుంది. ఖాయం చేసుకోవాలంటే గదిలో కంప్యూటర్‌ను నేరుగా ఆ కేబుల్‌కే పెట్టి, నెట్‌వర్క్ సెట్టింగుల్లో లింక్ వేగం (రెండు చివర్ల పరికరాలు తమ మధ్య కుదుర్చుకున్న వేగం) చూడండి. 1000 ఉండాల్సిన చోట 100 కనిపిస్తే నా ఊహ సరైనదే. స్పీడ్ టెస్ట్ కంటే ఈ ఒక్క అంకె ఎక్కువ చెబుతుంది.

తరువాతి పని, గదిలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్‌నో (ఒక కేబుల్‌ను పలు పరికరాలకు పంచే పెట్టె) రౌటర్‌నో విప్పి ఇంట్లోకి తెచ్చి, చిన్న రెడీమేడ్ తీగతో ఇంటి రౌటర్‌లోని అదే పోర్టుకు కలపడం. అక్కడ 1000 వస్తే రెండు పరికరాలూ నిర్దోషులు. ఆ తరువాత రెండు చివర్లలో గోడకూ పరికరానికీ మధ్య ఉన్న పొట్టి తీగలను మార్చి చూడండి. వంగి నలిగే భాగాలు అవే కాబట్టి చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. చాలామంది ఈ రెండు పనులూ వదిలేసి నేల తవ్వడం మొదలుపెడతారు. దయచేసి తవ్వకండి.

ఇక వాన సంగతి. మా ఇంటి వెనక పనిగదికి వేసిన లైనులో ఇదే లక్షణం వచ్చింది. వాన వెలిసిన తరువాత కూడా వెంటనే కోలుకునేది కాదు, పైపు ఆరే కొద్దీ మెల్లగా బాగయ్యేది. ఆ ఆలస్యమే నాకు దారి చూపింది. గది వైపు ప్లగ్గు కోసి చూస్తే లోపలి రాగి మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. నీరు ప్లగ్గు మీద పడలేదు. పైపు మధ్యలో ఎవరో వేసిన అతుకు దగ్గర లోపలికి దూరి, వత్తిలో నూనె ఎక్కినట్టు తొడుగు లోపలి సందుల గుండా చివరిదాకా పాకింది. నేలలోని పైపులోకి వాన నీరు రాకపోయినా గాలిలోని తేమ చేరి నిలుస్తుంది. అందుకే ఇంటి లోపలి వాడకానికి చేసిన కేబుల్ అక్కడ ఎక్కువ కాలం నిలవదు. నేలలో వేయడానికి తయారైన వాటికి పాలిథిలిన్ తొడుగు ఉంటుంది, చాలా రకాల్లో నీరు పాకకుండా లోపల జెల్ కూడా నింపుతారు. ఆ కేబుల్ మీదుగానే గదిలోని కెమెరాకో వైఫై పెట్టెకో కరెంటు కూడా పంపుతుంటే తడిసిన చోట చిలుము ఇంకా త్వరగా పడుతుంది.

ప్లగ్గు కోసినప్పుడు ఒక తీగ కొసను చాకుతో గీకి చూడండి. పైన రాగి రంగు, లోపల వెండి తెలుపు కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. అలాంటిదైతే మరమ్మతు మీద సమయం పెట్టకండి. తేలిగ్గా విరుగుతుంది, తేమకు త్వరగా పాడవుతుంది.

అసలైన రాగే అయితే, రెండు చివర్లలోనూ చిలుము లేని మెరిసే రాగి వచ్చేవరకు కోసి కొత్త ప్లగ్గులు వేయండి. వరుస ఇది: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత నీలం జతకు అటూ ఇటూ విడిపోయి ఉండటం పొరపాటు కాదు, అలాగే ఉండాలి. దాన్ని సరిచేద్దామని జతలన్నీ పక్కపక్కన పెడితే కేబుల్ తీగలను పరీక్షించే ఎనిమిది లైట్ల టెస్టర్ అన్నీ బాగున్నాయనే చూపిస్తుంది, నెట్ మాత్రం తడబడుతుంది.

మరమ్మతు అయ్యేదాకా పని జరగాలంటే గదిలోని కంప్యూటర్ వేగాన్ని సెట్టింగుల్లో బలవంతంగా 100కు కట్టేయకండి. ఒక వైపు మాత్రమే అలా కట్టేస్తే రెండో వైపు హాఫ్ డూప్లెక్స్‌కు (ఒకేసారి పంపడం, అందుకోవడం కుదరని పద్ధతికి) పడిపోయి పరిస్థితి ఇంకా దిగజారుతుంది. రెండు వైపులా ఆటోలోనే ఉంచండి.

కొత్తగా లాగాల్సి వస్తే నా సలహా ఒక్కటే: మళ్ళీ రాగి వేయకండి, ఫైబర్ (కాంతితో సంకేతం పంపే గాజు పోగు కేబుల్) వేయండి. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. రెండు కట్టడాల మధ్య రాగి తీగ ఉంటే, దగ్గర్లో పిడుగు పడినప్పుడు పుట్టే వోల్టేజీ రెండు చివర్లలోని పరికరాలనూ కాల్చేయగలదు. గదికి వేరే ఎర్త్ ఉండి, లోహపు తొడుగున్న కేబుల్‌ను రెండు చివర్లలోనూ ఎర్త్‌కు కలిపితే ఆ తొడుగు గుండానే కరెంటు పారవచ్చు. గాజు పోగుకు ఈ బాధలేవీ లేవు. తేమకు చిలుము పట్టదు, పక్కనే కరెంటు లైను ఉన్నా సంకేతం చెదరదు. నేలలో వేసే రకం, లోపల లోహపు తీగ లేనిది, రెండు చివర్లలో కనెక్టర్లు ముందే బిగించినది కొనండి. పైపు కొలత కంటే కొన్ని మీటర్లు ఎక్కువ తీసుకోండి, ఎందుకంటే దాన్ని ఇంట్లో అతకలేం. లాగేటప్పుడు పాత కేబుల్‌నే తాడుగా వాడుకోవచ్చు, కానీ కనెక్టర్ పట్టుకుని కాకుండా తొడుగులోని బలమైన నారకు కట్టి లాగాలి.

రెండు చివర్లలో మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌లోని కాంతిని మామూలు నెట్‌వర్క్ కేబుల్ సంకేతంగా, తిరిగి కాంతిగా మార్చే పెట్టెలు) పెట్టాలి. ఒకే పోగు మీద నడిచే రకం తీసుకుంటే అవి జతగానే పనిచేస్తాయి: ఒకటి 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతితో పంపి 1550 వద్ద అందుకుంటే, రెండోది దానికి తిరగబడి ఉండాలి. రెండూ ఒకే రకం కొంటే లింకు లైటు వెలగదు.