బర్నర్ వెలిగి ఆరిపోతుంటే ముందు ఎర్త్ చూడండి

అన్నా, డాలస్‌లో మీ రెస్టారెంట్ పైన పెట్టిన కొత్త హీటింగ్ యూనిట్ బర్నర్ అంటుకుని నాలుగైదు సెకన్లకే ఆరిపోతోందన్నారు. గ్యాస్ వాల్వ్ జోలికి అప్పుడే వెళ్లకండి. మంట ఉందని కంట్రోల్ బోర్డుకు (యూనిట్‌ను నడిపే సర్క్యూట్‌కు) తెలిసేది మంట గుండా ఎర్త్‌కు పారే కొన్ని మైక్రోఆంపుల కరెంటుతోనే. ఎర్త్ వైరు వదులైతే, కళ్లెదుట మంట మండుతున్నా బోర్డు గ్యాస్ ఆపేస్తుంది. మెయిన్ ఆపి, ఎర్త్ వైరు స్క్రూ కింద పెయింట్ గీకి బిగించమనండి.

మీ సప్లై 208 వోల్టులైతే, బోర్డుకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ వైరు 240 వోల్టుల ట్యాప్ (వైరు తగిలించే చోటు) మీదే ఉండిపోయిందేమో కూడా చూడాలి. అలా ఉంటే 24 వోల్టులు రావాల్సిన చోట 21 కూడా రావు.

గ్యాస్ పైపుకు ప్రెషర్ టెస్ట్ (గాలి నింపి లీకు చూడటం) చేసినప్పుడు యూనిట్‌ను పైపు నుంచి విడదీశారా? 3 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) టెస్ట్ గాలి నేరుగా తగిలితే వాల్వ్ పాడవచ్చు. సబ్బు నీళ్లతో లీకు మీరే చూసుకోవచ్చు గానీ, రిపేరు మాత్రం లైసెన్సున్నవాళ్లతోనే చేయించండి.