స: ఉరవకొండ పల్లెల సర్వేలో సగం మందికి డిప్రెషన్ స్కోరు 16 (డిప్రెషన్ ఉండొచ్చని అనుమానించే గీత, అంటే కటాఫ్) దాటుతోంది. ప్రశ్నలు తెలుగు చేశాక బ్యాక్ ట్రాన్స్‌లేషన్ (వాటిని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి పోల్చడం) కూడా చేశాను. మరి ఎందుకిలా?

4, 8, 12, 16 నంబరు ప్రశ్నలు చూడండి. మీరు వాడిన సీఈఎస్-డి, డిప్రెషన్ లక్షణాలు కొలిచే 1977 నాటి అమెరికా ప్రశ్నావళి. ఇరవైలో ఈ నాలుగే మంచి భావాల గురించి అడుగుతాయి, వీటికి మార్కులు తిరగేసి వేయాలి: మిగతా వాటిలో "లేదు" అంటే సున్నా, వీటిలో "లేదు" అంటే మూడు. ముందు ఎక్సెల్‌లో అది చేశారో లేదో చూసుకోండి.

చేసినా ఎక్కువే వస్తే, అనుమానం 4వ ప్రశ్న మీద: "నేనూ అందరిలాంటి మంచిదాన్నే అనిపించింది." మా సర్వేలో ఒక పెద్దమ్మ శనక్కాయలు ఒలుస్తూ, "మన గొప్ప మనమే చెప్పుకుంటామా నాయనా?" అంది. ప్రశ్నలు అడుగుతున్న మా కుర్రాడు "లేదు" అని టిక్ పెట్టాడు. ఆమె అణకువకు మూడు మార్కుల డిప్రెషన్!

బ్యాక్ ట్రాన్స్‌లేషన్ చేశానన్నారు. అది మాట సరిపోయిందా అనే చెబుతుంది, వినేవాళ్లకు ఏం అర్థమైందో చెప్పదు. చాలామంది వదిలేసే పని ఇదే:

1. ఊరికి ఐదారుగురిని కూర్చోబెట్టండి. ప్రశ్న చదివి జవాబు అడక్కండి. "నేనేం అడిగానో మీ మాటల్లో చెప్పండి" అనండి. చెప్పింది చెప్పినట్టే రాసుకోండి, దిద్దొద్దు.

2. "ఎవరికీ తీసిపోను" లాంటి మాట వాళ్ల నోటి నుంచే వస్తే దాన్నే 4వ ప్రశ్నలో పెట్టి మళ్లీ అడిగి చూడండి.

3. అత్త పక్కనుంటే కోడలి ఇంటర్వ్యూ వద్దు.

4. ఇప్పటికే తీసుకున్న ఫారాల్లో ఆ నాలుగూ పక్కనపెట్టి మిగతా పదహారూ విడిగా లెక్కేయండి. అప్పుడు 16 అనే కటాఫ్ వాడకూడదు (అది ఇరవై ప్రశ్నల మొత్తానికి పెట్టింది), అమెరికా సగటుతో పోల్చకూడదు.